క్వాడ్రోఫీనియా సినిమా పాటల్లో డ్రమ్స్ ఎవరివి?

ది హూ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ డ్రమ్మర్ కీత్ మూన్ పోయాక, ఆ చోటికి వచ్చిన కెన్నీ జోన్స్ చేత వాళ్ళ క్వాడ్రోఫీనియా ఆల్బమ్ పాటలన్నీ మళ్ళీ వాయింపించి, దాని మీద తీసిన 1979 సినిమాలో పెట్టారా, సౌండ్‌ట్రాక్‌లో డ్రమ్స్ ఒక్కోచోట ఒక్కోలా వినిపిస్తున్నాయి అని అడిగారు కదండీ. మళ్ళీ వాయించలేదండీ. 1973 ఆల్బమ్ నుంచి తీసుకున్న పాటల్లో ఉన్నది మూనే. సినిమా కోసం బ్యాండ్ బేస్ గిటారిస్ట్ జాన్ ఎంట్‌విసిల్ వాటిని రీమిక్స్ చేశాడు, అందుకే కొత్తగా అనిపిస్తాయి.

జోన్స్ వాయించినవి సినిమాకని చేర్చిన మూడే: గెట్ అవుట్ అండ్ స్టే అవుట్, ఫోర్ ఫేసెస్, జోకర్ జేమ్స్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముందు ది రియల్ మీ, వెంటనే గెట్ అవుట్ వినండి. మొదటిదాంట్లో గాయకుడు డాల్ట్రీ గొంతు మీదికి కూడా డ్రమ్స్ ఎగబడుతుంటాయి. రెండోదాంట్లో తాళం కుదురుగా నడుస్తుంది. ఇంక జేమ్స్ బ్రౌన్ లాంటి ఇతరుల పాటలూ సౌండ్‌ట్రాక్‌లో ఉన్నాయి, వాటికి ది హూతో సంబంధమే లేదు.

జోన్స్ వల్లే సినిమా చెడిందని కొందరు అనడం నాకు చాలా అన్యాయం అనిపిస్తుంది. మూన్ 1978 సెప్టెంబర్ 7న చనిపోయాడు, ఆ స్థితిలో ఎవరో ఒకరు ఆ కుర్చీలో కూర్చోవాలి కదా! పైగా ది హూదే మరో ఆల్బమ్ మీద తీసిన 1975 టామీ సినిమా సౌండ్‌ట్రాక్‌లో, మూన్ బతికుండగానే, చాలా పాటలకు వాయించింది జోన్సే.

మీకు కావలసింది మూన్ అయితే 1973 డబుల్ ఆల్బమే కొనండి.