పండుగప్పలో పాదరసం: రిపోర్టు ఎలా చదవాలి?

ప్రశ్న: కాట్రేనికోన దగ్గర ఉప్పునీటి చెరువులో పండుగప్ప పెంచుతున్నామండి. ఒక్కోటి కిలోన్నర ఉంది. మేత హార్బర్ నుంచి తెచ్చే ట్రాష్ చేప (తిండికి అమ్ముడుపోని చిల్లర చేప). కొనేవాళ్లు పరీక్ష చేయిస్తే పాదరసం కిలోకి 0.9 మిల్లీగ్రాములు వచ్చింది. చెరువులో సున్నం, జియోలైట్ (చెరువు నీటికి వాడే ఖనిజ పొడి) వేస్తే పోతుందా?

జవాబు: పోదండి. ఆ డబ్బు దండగ. సున్నం నీటికీ మట్టికీ పనికొస్తుంది గానీ కండలో చేరిన పాదరసాన్ని బయటికి తీయలేదు.

ముందు రిపోర్టులో 0.9 పక్కన ఏం రాశారో చూడండి. ఎండబెట్టిన కండ తూకమా, పచ్చి కండ తూకమా? చేప కండలో ముప్పాతికకు పైగా నీరే. ఎండు తూకం మీద 0.9 అంటే పచ్చి కండలో 0.2 చిల్లర. పరిమితులు మాత్రం పచ్చి తూకం మీదే: మన దేశంలో మామూలు చేపకు 0.5, వేటాడే పెద్ద చేపలకు 1.0. మీరు 0.5నే గీతగా పెట్టుకోండి.

పచ్చి తూకమే అయితే తేడా మేతలో ఉన్నట్టే అనుకోవాలి. గాలాడని నల్ల బురదలో కొన్ని బాక్టీరియాలు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా, అంటే ఒంట్లో సులువుగా చేరే రూపంలోకి, మారుస్తాయి. అది పాచిలోకి, పాచి నుంచి చిరుచేపలోకి, అక్కడి నుంచి పెద్ద చేపలోకి మెట్టుమెట్టుకూ చిక్కబడుతుంది. కిలో పండుగప్పకు ట్రాష్ చేప ఆరేడు కిలోలు పడుతుంది. అందులో కిలోకి 0.05 ఉన్నా ఏడు కిలోలకు 0.35. చాలా మటుకు కండలోనే నిలుస్తుంది. కవళ్లు, నెత్తళ్ల లాంటి చిరుచేపల్లో తక్కువే ఉంటుంది. సొర, సూర లాంటి వేటాడే పెద్ద చేపలు కోసిన వ్యర్థాలు కలిస్తేనే లెక్క తప్పుతుంది.

నీళ్లు మార్చి పస్తు పెట్టొద్దు. చేప చిక్కితే కిలోకి పాదరసం ఇంకా పెరిగి కనబడుతుంది. పెల్లెట్ మేతకు మార్చి పెంచితే పలచబడుతుంది. కానీ కిలోన్నర చేపను రెండున్నరకు తెచ్చినా 0.54, మూడు కిలోలకు తెస్తేనే 0.45. అదీ కొత్త మేతలో పాదరసం లేకపోతేనే. అందుకే పెల్లెట్‌లో కలిపే ఫిష్‌మీల్ (చేపల పొడి) పరీక్ష రిపోర్టు అడిగి మరీ కొనండి. ఆ పెంపకం ఖర్చు గిట్టుతుందా అన్నది లెక్కేసుకోవాల్సిందే.

అంతకంటే ముందు మళ్లీ పరీక్ష చేయించండి. ఐదు చేపల వీపు కండ, తోలు తీసి, ఒక్కోదానికి వంద గ్రాములు, వేర్వేరు కొత్త కవర్లలో ఐస్‌లో పెట్టి పంపండి. పెద్దవీ చిన్నవీ కలపొద్దు. చేపలో పాదరసం పరీక్షకు ఎన్.ఎ.బి.ఎల్. (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబే కావాలి. ఫలితం పచ్చి తూకం మీద ఇవ్వమని రాసివ్వండి. చెరువు నీటికి పరీక్ష అక్కర్లేదు.

రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో గర్భిణులకు, బాలింతలకు, పిల్లలకు ఈ చేప పెట్టకండి. వేపుడు చేసినా పులుసు పెట్టినా పాదరసం తగ్గదు.