తాకట్టు బట్ట పరుచుకుని పూజ

ప్రశ్న: బైబిల్ ప్రవక్తలంటే జరగబోయేది ముందే చెప్పేవాళ్లని ఇంతకాలం అనుకున్నాను. వాళ్లు పేదల పక్షాన నిలబడ్డారని ఈమధ్య ఒక ప్రసంగంలో విన్నాను. నిజమేనా, లేక ఈనాటి ఆలోచనలు తెచ్చి వాళ్లకి అంటగట్టడమా?

జవాబు: అంటగట్టడం కాదండీ, అదంతా వాళ్ల పుస్తకాల్లోనే ఉంది, మనం ఊహించేదానికంటే ఘాటుగానే ఉంది. ప్రవక్త అన్న మాటలో ఉన్నది వక్తే కదా, జోస్యుడు కాదు. రాబోయేది చెప్పారు, కాదనను, కానీ చాలాసార్లు అది "ఇలాగే చేస్తూ పోతే మీ గతి ఇదీ" అన్న హెచ్చరిక.

ఆమోసునే తీసుకోండి. క్రీ.పూ. 8వ శతాబ్దం. దక్షిణాన యూదా రాజ్యంలోని తెకోవ ఊరివాడు, పశువులు కాసుకుంటూ మేడిపళ్లు ఏరుకునే మనిషి, ఉత్తరాన ఇశ్రాయేలు రాజ్యానికి వెళ్లి నోరు విప్పాడు. అప్పుడక్కడ రెండో యరొబాము ఏలుబడి, రాజ్యం మంచి ఊపులో ఉంది, రాజధాని షోమ్రోనులో డబ్బున్నవాళ్లు దంతపు మంచాల మీద దొర్లుతున్నారు (1930లలో అక్కడ తవ్వితే చెక్కిన దంతపు ముక్కలు వందలకొద్దీ బయటపడ్డాయి). ఆమోసు మాత్రం బజారు వైపు చూశాడు. చెప్పుల జత కోసం పేదవాణ్ణి అమ్మేస్తున్నారు, కొలపాత్ర చిన్నది చేశారు, కొనేవాళ్లిచ్చే వెండి తూచే తూకపురాయి పెద్దది చేశారు, గోధుమల తాలు కూడా సొమ్ము చేసుకుంటున్నారు అన్నాడు.

నన్ను వదలని మాట ఇంకొకటి ఉంది: తాకట్టు పెట్టుకున్న బట్టలు పరుచుకుని బలిపీఠాల పక్కనే పడుకుంటున్నారట. పేదవాడి పైబట్ట తాకట్టు పెట్టుకుంటే పొద్దుగూకేలోపు తిరిగి ఇచ్చెయ్యాలని బైబిల్లోని ధర్మశాస్త్ర గ్రంథం నిర్గమకాండం చెబుతుంది, ఎందుకంటే రాత్రి అతను కప్పుకునేది అదొక్కటే. అంటే అక్కడ ఒకడు చలికి వణుకుతుంటే, అతని దుప్పటి మీద ఇక్కడ భక్తి సాగుతోంది!

ఇది కవి కల్పన అనుకోకండి. 1960లో మధ్యధరా తీరాన యావ్నే-యామ్ దగ్గర ఒక పాత కోట తవ్వకాల్లో, ఆమోసు తర్వాత వందేళ్లు దాటాక హీబ్రూలో సిరాతో రాసిన కుండపెంకు దొరికింది. అది ఒక కోతకూలీ పెట్టుకున్న అర్జీ. నా పని నేను పూర్తిచేశాను, అయినా నా బట్ట లాక్కున్నారు, ఎండలో నాతోపాటు కోసినవాళ్లంతా సాక్ష్యం చెబుతారు, ఇప్పించండి అని అధికారిని బతిమాలుకుంటున్నాడు.

ఇలా మాట్లాడితే ఊరుకుంటారా? ఇశ్రాయేలులోని బేతేలు ఆలయ యాజకుడు (పూజారి) అమజ్యా ఆమోసుని పొమ్మన్నాడు, ఇది రాజుగారి ఆలయం, నీ ప్రవచనాలేవో యూదాకెళ్లి చెప్పుకో అన్నాడు. తర్వాత వచ్చిన యిర్మీయా ప్రవక్త కూడా అంతే, కూలి ఇవ్వకుండా పని చేయించుకుని మేడ కడుతున్నావని సాక్షాత్తూ యూదా రాజైన యెహోయాకీమునే నిలదీశాడు.

ముందు ఆమోసు చదవండి, తొమ్మిదే అధ్యాయాలు, ఒక పూటలో అయిపోతుంది. తర్వాత మీకా ప్రవక్త పుస్తకం. రెండో అధ్యాయం మొదట్లోనే, రాత్రి పడక మీద పథకం వేసి తెల్లారగానే ఎదుటివాడి పొలం లాక్కునేవాళ్లు మీకు కనిపిస్తారు.