జొన్నకు పట్టిన మల్లె, మాడిపోయిన పక్కచేని పత్తి

ప్రశ్న: "మాది పత్తికొండ దగ్గర. ఎర్రచెక్కలో జొన్న వేస్తే మల్లె పడుతోంది. కలుపు మొక్క జన్యువులు చదివి, దాని మీద మాత్రమే పనిచేసే మందు తయారు చేస్తున్నారంట. నిజమేనా? అంగట్లో దొరుకుతుందా?"

నిజమే. కానీ అంగట్లో దొరకదు. (తెలియనివాళ్లకు ఒక మాట: ఈ మల్లె పూలమల్లె కాదు, జొన్న వేరుకు అతుక్కుని దాని రసం తాగి బతికే స్ట్రైగా అనే కలుపు.) వచ్చే సీజనుకు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దండి. అయినా ఆ పరిశోధనలో మీకు ఇప్పుడే పనికొచ్చేది ఒకటుంది. అది చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్పుకోవాలి.

మాది ఆలూరు వైపు. పదేళ్ల కిందట ముంగారిలో నాలుగెకరాల ఎర్రచెక్కలో జొన్న వేశాం. వాన అదునుకే పడింది, గుంటక కూడా సరిగ్గానే తోలాం. అయినా మధ్యాహ్నమయ్యేసరికి జొన్న ఆకులు చుట్టుకుపోయేవి. తవ్వి చూస్తే జానెడు లోతులో తేమ ఉంది. నాయన పురుగేమో అన్నాడు. నేను యూరియా చాల్లేదన్నాను. మా జేజి చేలోకి దిగను కూడా దిగలేదు, గట్టు మీద నుంచే చూసి "మల్లె పట్టిందిరా, ఇంకా పైకి రాలేదంతే" అంది. పదిహేను రోజులు తిరగకముందే జొన్న మొదళ్ల చుట్టూ చిన్న చిన్న తెల్లపూలతో జానెడు మొక్కలు లేచాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, పేరు కూడా అలాగే పెట్టారు.

కోపంతో అంగడికి పోయి 2,4-డి అనే కలుపు మందు అడిగాను. సోడియం సాల్ట్ రకం లేదని ఎస్టర్ రకం ఇచ్చారు. రెండింటికీ తేడా ఏందని నేనూ అడగలేదు. ఎస్టర్ ఎండకు ఆవిరై గాలితో పాటు పోయే రకమని తర్వాత తెలిసింది. మిట్టమధ్యాహ్నం, గాలి వీస్తుండగా కొట్టాను. పైకి లేచిన మల్లె మాడింది, సంతోషించాను. వారం తిరిగేసరికి పక్కచేని పత్తిలో లేత ఆకులు బెండాకు మాదిరి చీలి, సన్నగా వేళ్లలాగా సాగాయి. ఆ చేను మాకు వరసకు మామ అయ్యే ఆయనది. పంచాయితీ దాకా పోకుండా డబ్బిచ్చి సర్దుకున్నాం. మరి జొన్న నిలబడిందా అంటే అదీ లేదు, సగం కంకులు తాలు.

డిగ్రీలో బాటనీ చదివిన పాపానికి, ఎందుకిలా జరిగిందో తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

2,4-డి ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోను వేషం వేసుకుని మొక్కలోకి దూరుతుంది. వెడల్పాకు మొక్క దాన్ని నిజం హార్మోను అనుకుని, అడ్డూ అదుపూ లేకుండా పెరిగి చస్తుంది. జొన్న గడ్డిజాతి కాబట్టి చాలావరకు తట్టుకుంటుంది. మల్లె తట్టుకోలేదు, పత్తి అసలే తట్టుకోలేదు. అంటే ఆ మందు కొట్టే చోటు మల్లెలోనూ ఉంది, పత్తిలోనూ ఉంది. రెండోది, మల్లె భూమి మీదికి వచ్చేలోపే చేయాల్సిన నష్టమంతా చేసేసింది. వారాల తరబడి భూమి లోపల జొన్న వేరుకు అతుక్కుని తాగుతుంది. మనకు పూలు కనిపించేటప్పటికి దాని పని చాలావరకు అయిపోయినట్టే. మా జేజి ఆకు చూసి పట్టేసింది అదే.

జన్యువుల సంగతి ఇక్కడ వస్తుంది. మంచి కలుపు మందు కావాలంటే, కలుపులో ఉండి పంటలో లేని ఒక కీలకం దొరకాలి. మల్లెలో అది దొరికింది.

మల్లె విత్తనం దుమ్ములాగా ఉంటుంది, అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక్క మొక్క వేలకు వేలు రాలుస్తుంది. భూమిలో పదేళ్లకు పైగా బతికి పడుకుని ఉంటుంది. దానిలో సొంత తిండి నిల్వ దాదాపు లేదు కాబట్టి వానకే తొందరపడి మొలవదు. పక్కన జొన్న వేరు ఉందని తెలిస్తేనే మొలుస్తుంది. ఎలా తెలుస్తుందంటే, వేరు నుంచి స్ట్రైగోలాక్టోన్ అనే రసాయనం ఊరుతుంది. నేలలో భాస్వరం, నత్రజని తక్కువైనప్పుడు అది ఇంకా ఎక్కువ ఊరుతుంది. వేళ్లకు మేలు చేసే శిలీంధ్రాలను పిలవడానికి మొక్క పంపే కబురు అది. ఆ కబురును మల్లె దొంగతనంగా వింటుంది. ఎర్రచెక్కల్లో, ఎరువు పడని చేలల్లో మల్లె ఎక్కువ కనిపించడానికి ఇదో కారణం.

ఆ వినే చెవి ఏ జన్యువుదో 2015లో బయటపడింది. మామూలు మొక్కల్లో దాని చుట్టం లాంటి జన్యువు ఒకటి, పొగలో ఉండే రసాయనాన్ని గుర్తుపడుతుంది. కాలిన అడవిలో వానకు విత్తనాలు మొలవడంలో దానికీ పాత్ర ఉంది. ఆఫ్రికా మల్లెలో ఆ కుటుంబం జన్యువులు ఒకటి కాదు, 11 ఉన్నాయని తేలింది. వాటిలో కొన్ని పొగను వదిలేసి జొన్న వేరు వాసన పట్టేలా మారిపోయాయి. 7వ నంబరుది మరీ గట్టిది. దాన్నే గురిగా పెట్టుకుని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వేల రసాయనాలను జల్లెడ పట్టి, ఎస్‌పీఎల్7 అనే పదార్థాన్ని తయారుచేసి 2018లో ప్రకటించారు. లీటరు నీటిలో గ్రాములో లక్షకోట్లవ వంతు లెక్కన కలిపినా మల్లె విత్తనం లేచి కూర్చుంటుంది.

లేపడమే మందు. పంట వేయకముందు నేలకు ఇస్తే విత్తనం జొన్న వచ్చిందనుకుని మొలుస్తుంది. అతుక్కోవడానికి వేరు ఉండదు, తిండి ఉండదు, కొద్దిరోజుల్లో ఎండిపోతుంది. కుండీల్లో ముందుగా మట్టికి ఇచ్చి, తర్వాత మొక్కజొన్న పెడితే దాన్ని మల్లె నుంచి చాలావరకు కాపాడింది. పత్తికి తగిలినా నా 2,4-డి మాదిరి మాడ్చే పని దానికి లేదు, ఎందుకంటే ఆ 7వ నంబరు చెవి పత్తికి లేదు.

ఈ ఎత్తు పూర్తిగా కొత్తది కాదు. అమెరికాలో 1956లో కరోలినా రాష్ట్రాల్లో మల్లె కనిపించినప్పుడు, నేలలోకి ఇథిలీన్ వాయువు పంపి ఇలాగే లేపి చంపారు. 4 లక్షల ఎకరాలకు పైగా పాకినదాన్ని దశాబ్దాల పాటు పట్టు వదలకుండా దాదాపు తుడిచేశారు. యంత్రాలు, జనం, కాపలా అన్నీ ప్రభుత్వమే పెట్టింది. మన నాలుగెకరాలకు గ్యాస్ సిలిండర్ ఎవరు తెస్తారు!

ఎస్‌పీఎల్7 మీద నాకున్న అనుమానాలు కూడా చెబుతా. ఆ పని జరిగింది ఆఫ్రికా మల్లె మీద. మన చేలల్లో తెల్లపూల మల్లె వేరే జాతి. దాని చెవి ఎంత పదునో విడిగా చూడాల్సిందే. మన దేశంలోనూ ఉండే ఆసియా మల్లె జన్యు పటం 2019లో వచ్చింది కాబట్టి ఆ పనికి దారి ఉంది. ఇంకొకటి, ఏటా ఒకే మందుతో లేపుతూ పోతే, దానికి లేవని విత్తనాలే మిగిలి పెరుగుతాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు, మెట్ట జొన్న రైతు కోసం అంత ఖర్చు పెట్టి మందు తెచ్చే కంపెనీ ఏది? సోయా, మొక్కజొన్నలో కనిపించే లాభం వాళ్లకు ఇందులో కనిపించదు.

మందుకు లొంగకపోవడం గురించి ఒక్క మాట. అమెరికా పత్తి చేలల్లో మన చిలకతోటకూర చుట్టం ఒకటుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు మొక్కలో ఒక ఎంజైమ్‌ను అడ్డుకుని చంపుతుంది. ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువును అది పదుల కొద్దీ, కొన్ని మొక్కల్లో వందకు పైగా నకళ్లు తీసుకుని బతుకుతోందని 2010లో బయటపెట్టారు. మన దగ్గర బుడ్డల్లో (వేరుశనగలో) ఏటా ఇమజెథపైర్ అనే కలుపు మందు ఒక్కటే కొట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది. డబ్బా మీద పేరు మారినంత మాత్రాన మందు మారినట్టు కాదు, లోపలి టెక్నికల్ పేరు చదవండి.

ఇంక మీకు పనికొచ్చేది. మల్లెను లేపే రసాయనాన్ని మొట్టమొదట 1966లో వేరుచేసింది దేని వేళ్ల నుంచో తెలుసా? పత్తి వేళ్ల నుంచి. పత్తి మీద మల్లె బతకలేదు, కానీ పత్తి దాన్ని లేపుతుంది. ఇది చదివిన రోజు నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మామ చేలో ఏళ్ల తరబడి పత్తే. గట్టుకు ఇవతల మల్లె తోట, అవతల ఒక్క మొక్క లేదు. మందు పక్కచేలో పెరుగుతుంటే, దాన్ని నేను మందు కొట్టి మాడ్చాను.

అప్పటి నుంచి ఆ నాలుగెకరాల్లో మూడేళ్లు జొన్న మానేశాం. ఒక ఏడు పత్తి, తర్వాత బుడ్డలు, మళ్లీ పత్తి, మధ్యలో అలసంద సాళ్లు. బుడ్డలకు, అలసందకు కూడా మల్లెను లేపే గుణం ఉంది. నాలుగో ఏడు పశువుల ఎరువు బాగా తోలి, దుక్కిలో భాస్వరం వేసి జొన్న పెడితే మల్లె అక్కడక్కడా లేచింది. వాటిని పూత రాకముందే పీకి కాల్చాం. పీకి గట్టు మీద మాత్రం వేయొద్దు. పూత వచ్చిన మొక్క పడున్న చోటే విత్తనం రాలుస్తుంది. వేరే ఊరి నుంచి వచ్చే ట్రాక్టరు గొర్రు, గుంటకలకు అంటిన మట్టి దులిపించండి, కొత్త చేలకు మల్లె అలా కూడా వస్తుంది. పదేళ్ల విత్తనం మూడేళ్లలో పూర్తిగా పోతుందని మాత్రం నేను చెప్పను. ఇప్పటికీ ఒక మూల లేస్తూనే ఉంది.

జొన్నలోనే మల్లెను లేపని రకాలు కూడా ఉంటాయి. ఇథియోపియాలో పుట్టిన గెబిసా ఎజెటా ఇలాంటి జొన్నల మీదే పనిచేసి 2009లో ప్రపంచ ఆహార బహుమతి తీసుకున్నారు. వాటిలో కొన్నింటి వేళ్లు వేరే రకం స్ట్రైగోలాక్టోన్ వదులుతాయి, మల్లెకు అది సరిగ్గా వినపడదు. మన నేలకు సరిపోయేవి ఏమున్నాయో నంద్యాల పరిశోధన స్థానంలో అడగండి. పోయేటప్పుడు ఒక మల్లె మొక్కను వేరుతో సహా కవర్లో కట్టి పట్టుకుపోండి, మాటల్లో చెబితే తెగదు.

2,4-డి కొట్టాల్సి వస్తే సోడియం సాల్ట్ రకమే తీసుకోండి, గాలి లేని పొద్దున పూట, పక్కన పత్తి లేకుంటేనే కొట్టండి. మా మామ అయితే నేను భుజాన స్ప్రేయర్ ఎత్తుకున్న ప్రతిసారీ ఇప్పటికీ వచ్చి గట్టు మీద నిలబడతాడు. డబ్బా పేరు నాతో గట్టిగా చదివించుకుని గానీ కదలడు.