తోలు ఎముక తిన్నాక లాబ్రడార్‌కు వాంతులు: సమాధానం

తోలు ఎముక (కుక్కలు నమలడానికి పచ్చితోలును ఎముక ఆకారంలో చుట్టి అమ్మేది) తిన్నాక మీ లాబ్రడార్ వాంతులు చేసుకుంటోందని, బిర్యానీ ఎముకలు ఇవ్వొచ్చా అని అడిగారు. వాంతిలో తెల్లటి జిగట ముక్క పడిందని రాశారు కాబట్టి, అది చివరి ముక్కను నమలకుండా మింగేసి ఉండాలి. పచ్చితోలు త్వరగా అరగదు, కడుపులో తడికి ఉబ్బుతుంది. ఎముక ఏ కంపెనీదైనా ఇంతే.

1. తోలు ముక్క నోట్లో పూర్తిగా పట్టేంత చిన్నది కాగానే తీసేయాలి. చాలామంది వదిలేసే పని ఇదే. అయితే లాక్కోకండి. లాక్కుంటే మరుసటిసారి మీరు దగ్గరికి వచ్చేలోపే మింగడం నేర్చుకుంటుంది. ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ ముక్క చూపించండి. కుక్క నోరు తెరిచి తోలు ముక్కను వదిలాక, నెమ్మదిగా తీసుకోండి. నమిలేటప్పుడు ఎవరో ఒకరు పక్కన ఉండాల్సిందే.

2. ఇకపై నమలడానికి ఏది కొన్నా, ముందు గోరుతో నొక్కి చూడండి. నొక్కు పడకపోతే వద్దు. గిట్టలు, కొమ్ముల వంటి గట్టి వాటితో దవడ పన్ను చీలుతుంది.

3. తోలు బదులు, బోలు రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వండి. దాని నోటికి పెద్దదిగా ఉండే సైజు చూసుకోండి.

4. మీరు అడిగిన బిర్యానీ ఎముకలు అసలే వద్దు. వండిన ఎముక సూదుల్లా విరుగుతుంది, పైగా దానికి కుక్కలకు హాని చేసే ఉల్లి, వెల్లుల్లి అంటి ఉంటాయి.

వాంతులు ఆగకపోయినా, తిండి ముట్టకపోయినా ఈరోజే పశువైద్యుడికి చూపించండి. ఇంట్లో వాంతి చేయించకండి. తోలు ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించకపోవచ్చు, అందుకే మిగిలిన ముక్కను వెంట తీసుకెళ్లండి.