పాత వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ అమ్మే స్టార్టప్‌లో కొత్తగా ఆలోచించే గుణం పోకుండా ఎలా?

చూసుకోకపోతే అది తప్పకుండా పోతుంది. పెద్ద కస్టమర్ దొరికాడు కదా అని అడిగిన ప్రతి మార్పూ చేసుకుంటూ పోతే, రెండేళ్లు తిరిగేసరికి ఆ ఒక్క షాపుకే పనిచేసే మనుషులుగా మిగులుతాం.

మేం ఆదోనిలో పత్తి కమీషన్ వ్యాపారులకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. మొదట్లో ఒక పెద్దాయన ఎర్ర అట్ట చిట్టా పుస్తకం ముందుపెట్టి, "స్క్రీన్ మీద కూడా అచ్చం ఇట్లనే కనపడాల నాయనా" అన్నాడు. అలాగే చేసిచ్చాం, అది మా తప్పు. తర్వాత మార్కెట్ యార్డులో రెండు రోజులు కూర్చుని చూస్తే, తూకం చీటీలోని అంకెలు పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు తప్పులు పడటం, దాని మీద రైతుతో గొడవ, ఇదీ ఆయన అసలు టెన్షన్ అని అర్థమైంది. చీటీని ఫోన్‌లో ఫోటో తీస్తే అంకెలు వాటంతటవే ఎక్కేలా చేశాక పుస్తకం మాటే ఎత్తలేదు.

అందుకే కోడ్ రాసేవాళ్లను కూడా యార్డుకు పంపండి, సేల్స్ వాళ్లు చెప్పింది విని ఆగిపోవద్దు.

ఇక సమయం సంగతి. గూగుల్ వ్యవస్థాపకులు 2004లో రాసిన లేఖలో, ఉద్యోగులు 20 శాతం సమయం సొంత ఆలోచనల మీద పెట్టేలా ప్రోత్సహిస్తామన్నారు. మనలాంటి చిన్న కంపెనీకి, అందులోనూ పత్తి సీజన్లో, అది కుదిరే పని కాదు. మేం వేసవిలో యార్డు పలచబడ్డాక ఇద్దరిని కస్టమర్ పనుల నుంచి పూర్తిగా తప్పిస్తాం, నచ్చింది చేసుకోమంటాం. ఆ ఫోటో ఆలోచన అలా పుట్టిందే.