జైలు క్లాసుకి వెళ్లేముందు

చిరంజీవి సౌమ్యకి పెదనాన్న ఆశీస్సులు.

సెంట్రల్ జైల్లో ఖైదీలకి కోపం అదుపు చేసుకోవడం మీద క్లాసులు చెప్పడానికి ఒప్పుకున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. "నువ్వైనా వద్దని చెప్పు అన్నయ్యా" అని పైకి అనలేదు గానీ, వాడి గొంతులో అదే వినబడింది. నేను చెప్పను. సర్వీసంతా ఆ గోడల మధ్య తిరిగినవాణ్ణి. మనింటి పిల్ల చదువుకుని, పాఠం చెప్పడానికి అదే గేటులోంచి వెళ్తోందంటే గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. ఫోన్ గేటు దగ్గర ఇచ్చెయ్యాలి. ఎవరు చీటీ ఇచ్చినా, నంబరు చెప్పి "ఒక్కసారి మా ఇంటికి ఫోన్ చెయ్యండి మేడమ్" అన్నా, వెల్ఫేర్ ఆఫీసర్‌ని అడగమను. కేసు ఏంటని నీ అంతట నువ్వు అడగకు. శతక పద్యాలు చెప్పకు, అవి వాళ్లకి నీకంటే బాగా వచ్చు.

ఇక ఇది నిదానంగా చదువు. నేను పనిచేసిన ఒక జైలుకి బయటినుంచి ఓ ట్రైనర్ వచ్చాడు. మంచి మాటకారి. దిండ్లు తెప్పించాడు. "ఎవరి మీద కోపమో వాళ్ల మొహం ఈ దిండు మీద ఊహించుకోండి. కసితీరా కొట్టండి. లోపలున్నదంతా బయటికి పోవాలి" అన్నాడు. ఆ బ్యాచ్‌లో పొలం గట్టు తగాదాలో దాయాదిని పారతో కొట్టి వచ్చినవాడు ఒకడుండేవాడు. లోపలికి వచ్చాక తోటపని తప్ప వాడికి వేరే ధ్యాస లేదు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడింది లేదు. మొదట సిగ్గుపడ్డాడు. ట్రైనర్ ఊరుకోలేదు, పక్కన నిలబడి "ఇంకా, ఇంకా" అని ఎగదోశాడు. దిండు చిరిగి దూది బయటపడేదాకా కొట్టాడు వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వాడి మొహం చూశాను. దవడ బిగుసుకుపోయి ఉంది, కళ్లు ఎక్కడో ఉన్నాయి. ఏదో దిగిపోయిన మనిషిలా లేడు.

ఆ సాయంత్రం అన్నం లైన్‌లో వెనకవాడు "ఏరా దిండు వీరుడా" అన్నాడు, అంతే. చేతిలో సత్తు కంచం ఉంది. వెనకవాడి నుదురు చీలింది. పెరోల్‌కి పెట్టుకున్న అర్జీ ఆగిపోయింది. కూతురి పెళ్లికని పెట్టుకున్న అర్జీ అది. ట్రైనర్‌కి ఈ సంగతి తెలియనే తెలియదు, మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు. ఆ పెళ్లి తండ్రి లేకుండానే జరిగింది. తర్వాత ములాఖత్‌లో వాళ్లావిడ ఫోటోలు చూపిస్తుంటే చూస్తూ నిలబడ్డాడు, ఒక్క మాటా మాట్లాడలేదు.

కోపాన్ని కక్కేస్తే పోతుందన్నది అబద్ధం. బ్రాడ్ బుష్మన్ అనే ఆయన 2002లో అచ్చువేసిన పరిశోధన చదివే ఉంటావు. కాలేజీ పిల్లలకి కావాలని కోపం తెప్పించి, కొందరి చేత బాక్సింగ్ సంచిని కొట్టించాడు. తిట్టినవాణ్ణి తలుచుకుంటూ కొట్టినవాళ్లకే కోపం ఎక్కువ మిగిలింది. ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చున్నవాళ్లు వాళ్లకంటే నయం. నీకిచ్చిన పుస్తకంలో దిండ్ల ఆట ఉంటే ఆ పేజీ చింపెయ్.

మరి చెయ్యాల్సిందేమిటి? రేమండ్ నొవాకో అనే అమెరికా సైకాలజిస్టు 1975లోనే దారి వేశాడు. కోపం ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో, ఆ క్షణంలో మనసు ఏమంటుందో పట్టుకోవడం నేర్పాలి. తర్వాత చిన్న రెచ్చగొట్టుడుతో మొదలుపెట్టి పెద్దవాటి దాకా సాధన చేయించాలి. తమాషా ఏంటంటే, అదే ఏడు జైపూర్ సెంట్రల్ జైల్లో ధ్యానగురువు గోయెంకా గారు ఖైదీలకి విపస్సన ధ్యాన శిబిరం పెట్టారు. 1994లో తీహార్‌లో వెయ్యి మందికి పైగా కూర్చున్నారు. శ్వాస చూసుకోవడం మంచిదే, నేను కాదనను. కానీ కళ్లు మూసుకుని కూర్చున్న ప్రతివాడూ మారిపోయాడని రిపోర్టు రాయకు. లోపల మందు లేదు, పెళ్లాం లేదు, అప్పులవాడు లేడు. బుద్ధిగా ఉండటం అక్కడ కష్టం కాదు.

నా అసలు భయం అల్లరి చేసేవాళ్ల గురించి కాదు. "నాకు కోపం వస్తే మనిషిని కాను మేడమ్" అని నెమ్మదిగా, మర్యాదగా చెప్పేవాడు ఒకడుంటాడు. భార్యని కొట్టిన కేసు అయ్యుంటుంది. వాణ్ణి అడుగు: ఎస్సై తిట్టినప్పుడు కొట్టావా? మేస్త్రీ కూలి ఎగ్గొడితే చెయ్యెత్తావా? లేదంటాడు. అయితే వాడి కోపానికి ఎవరి మీద పడాలో బాగా తెలుసు. అమెరికాలో డులూత్ అనే ఊళ్లో 1980ల మొదట్లో ఈ పని మొదలుపెట్టినవాళ్లు చెప్పింది ఇదే: ఇల్లాలిని కొట్టడం కోపం జబ్బు కాదు, పెత్తనం. అలాంటివాడికి పది అంకెలు లెక్కపెట్టడం నేర్పితే, లెక్కపెట్టి మరీ కొడతాడు. వాణ్ణి నీ బ్యాచ్‌లోంచి విడిగా కూర్చోబెట్టాలని సూపరింటెండెంట్‌తో గట్టిగా చెప్పు. ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చెయ్, ఇంకా నా మాట వినేవాళ్లు అక్కడున్నారు.

సర్టిఫికెట్ మాత్రం చివరి రోజున ఇవ్వకు. అది పెరోల్ అర్జీకి జతచేస్తారు, అందుకే సగం మంది వస్తారు. పెరోల్ మీద ఇంటికెళ్లి తిరిగొచ్చాక, ఇంట్లో ఎలా ఉన్నాడో ప్రొబేషన్ ఆఫీసర్ చేత అడిగించు. వాడు పక్కన లేనప్పుడు, ఇంటావిణ్ణి. అది చాలా పని, నాకు తెలుసు. అది చెయ్యలేనంటే క్లాసులు మానెయ్, నేనేమీ అనుకోను.

ఇంకో మాట, కోప్పడకు. చిన్నప్పుడు క్యారమ్స్‌లో ఓడిపోతే స్ట్రైకర్ మంచం కిందికి విసిరేదానివి. నేనే వంగి వెతికిచ్చేవాణ్ణి. నాకసలు కోపమే రాదన్నట్టు వాళ్ల ముందు కూర్చోకు, వాళ్లు ఇట్టే కనిపెట్టేస్తారు. స్ట్రైకర్ కథ చెప్పు, నవ్వుతారు.

మొదటి వారం ఏ రోజుల్లో క్లాసులో రాయి. మీ నాన్నని నేను చూసుకుంటాను.

మీ పెదనాన్న