చైనాలో పిల్లలతో వేసవి చల్లదనానికి ఎక్కడికి వెళ్లాలి? ఎనిమిది వేసవుల అనుభవంతో ఒక జవాబు

ఉద్యోగరీత్యా ఈ ఏడాదే నాన్‌జింగ్‌కు వచ్చామని, ఐదేళ్ల పాపతోను, తొమ్మిదేళ్ల బాబుతోను జూలై చివర పది రోజులు ఎక్కడైనా చల్లగా గడపాలని ఉందని, హైదరాబాదు నుంచి మీ చెల్లెలి కుటుంబం కూడా ఎప్పుడో ఒకసారి రావాలనుకుంటున్నదని రాశారు. నేను సూజౌలో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను. మొదటి ప్రయాణం నాటికి మా పిల్లలిద్దరూ ఇంచుమించు మీ పిల్లల వయసువారే. మీరున్న పరిస్థితికి నేను చెప్పేది యున్నాన్ రాష్ట్రంలోని కున్‌మింగ్, దాలీ. విమానం టికెట్లు మరీ ఖరీదనిపిస్తే గుయ్‌జౌ రాష్ట్రంలోని గుయ్‌యాంగ్. చాలామంది ముందుగా చెప్పే చింగ్‌హాయ్ సరస్సును మాత్రం ఐదేళ్ల పాపతో ఈసారికి పెట్టుకోవద్దు.

మనకు రోహిణి కార్తె ఎలాగో ఇక్కడివారికి 'సాన్‌ఫు' అలాంటిది. జూలై మధ్యలో మొదలై ఆగస్టు మధ్య దాకా, కొన్ని సంవత్సరాలలో ఆగస్టు చివరి దాకా, సాగుతుంది. వుహాన్, చోంగ్‌చింగ్‌లతో పాటు నాన్‌జింగ్‌ను కూడా కలిపి 'మూడు కొలుములు' అని పిలవడం ఇక్కడ పాత అలవాటు. మన ఎండ పొడి ఎండ కనుక నీడలో కూర్చుంటే కొంత ఊరట దొరుకుతుంది. యాంగ్‌జీ నది దిగువ ప్రాంతపు ఉక్కపోతలో ఆ ఊరట కూడా ఉండదు, రాత్రి పదిన్నరకు కూడా చొక్కా ఒంటికి అంటుకునే ఉంటుంది. ఈ కాలంలో చల్లదనం కావాలంటే ఉత్తరానికైనా పోవాలి, ఎత్తుకైనా ఎక్కాలి. ఉత్తరానికి పోవడం కంటే ఎత్తుకు ఎక్కడమే మేలని నా అనుభవం, ఎందుకంటే సుమారు ప్రతి వెయ్యి మీటర్లకు ఆరు, ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. అయితే ఎంత ఎత్తుకు ఎక్కాలన్న దగ్గరే పిల్లలున్న కుటుంబం జాగ్రత్తగా ఆలోచించుకోవాలి.

మేము ఆలోచించుకోలేదు. మొదటి వేసవిలో ఆవపువ్వులాంటి పసుపుపచ్చని పొలాల పక్కన నీలిరంగు సరస్సు ఉన్న ఫోటోలు చూసి చింగ్‌హాయ్‌కి బయలుదేరాము. షీనింగ్ నగరం 2,260 మీటర్ల ఎత్తున ఉంటుంది, అక్కడ అందరమూ బాగానే ఉన్నాము. మరునాడే కారు మాట్లాడుకుని దాదాపు 3,200 మీటర్ల ఎత్తున ఉన్న సరస్సుకు, అక్కడి నుంచి 3,800 మీటర్లు దాటే కనుమ మీదుగా చాకా ఉప్పు సరస్సుకు, ఒక్క రోజులోనే వెళ్లిపోయాము. ఆ కారు మాట్లాడి పెట్టినవారు పిల్లల వయసు అడగనూ లేదు, దారిలో ఒక రాత్రి ఆగమని చెప్పనూ లేదు. సాయంత్రానికి మా చిన్నవాడికి తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. నాలుగేళ్ల పిల్లవాడు తల నొస్తోందని స్పష్టంగా చెప్పలేడు, అన్నం వద్దని ఏడుస్తాడు, ఒళ్లో నుంచి దిగనంటాడు, అంతే. దారి అలసట అనుకుని మేము రెండు మూడు గంటలు పోగొట్టుకున్నాము. దుకాణాలలో అమ్మే ప్రాణవాయువు డబ్బా పట్టినంతసేపూ కాస్త తేలిక, తీయగానే మళ్లీ అదే బాధ. రాత్రంతా మేలుకుని తెల్లవారగానే షీనింగ్‌కు దిగివచ్చాము, మధ్యాహ్నానికల్లా వాడు నూడుల్స్ అడిగి తిన్నాడు. ఎత్తు వల్ల వచ్చే ఈ అస్వస్థత సాధారణంగా 2,500 మీటర్లు దాటాక కనబడుతుందని, దానికి అసలైన మందు కిందికి దిగడమేనని అక్కడి డాక్టరు చెప్పారు. ఆ తరువాత నుంచి ఏ ఊరి పేరు విన్నా ముందు దాని ఎత్తు చూస్తున్నాను. రాత్రి పడుకునే ఊరు 1,000, 2,000 మీటర్ల మధ్య ఉంటే చల్లదనం దక్కుతుంది, ఆ భయమూ ఉండదు.

ఆ లెక్కకు కున్‌మింగ్ అచ్చంగా సరిపోతుంది. ఎత్తు సుమారు 1,890 మీటర్లు. దీనికి 'వసంత నగరం' అని పేరు. జూలైలో సగటు ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మేము దిగిన హోటలు గదిలో ఏసీయే లేదు, మొదట ఎలాగా అని కంగారుపడ్డాము కానీ రాత్రి దుప్పటి కప్పుకుని పడుకున్నాము. నాన్‌జింగ్ నుంచి విమానంలో మూడు గంటల ప్రయాణం. షాంఘై–కున్‌మింగ్ హైస్పీడ్ రైలుమార్గం 2016 డిసెంబరులో పూర్తయింది కాబట్టి రైలులో కూడా వెళ్లవచ్చు గాని, అది రోజంతా పట్టే ప్రయాణం, పిల్లలతో నేను సిఫారసు చేయను. ఒక్క విషయం ముందే తెలుసుకోండి: అక్కడి వేసవి అంటే వానాకాలం. మే చివర నుంచి అక్టోబరు దాకా వానలు పడతాయి. మన ఆషాఢపు ముసురులా రోజంతా పట్టి ఉండడం తక్కువే, ఒక జల్లు కురిసి, ఒక గంట ఎండ కాసి, మళ్లీ జల్లు. గొడుగుల కంటే పిల్లలకు వానకోట్లు నయం, స్వెట్టరు ఒకటి తప్పనిసరి. ఎండ కాసిన గంటలో మాత్రం చర్మం కమిలిపోతుంది. చల్లగా ఉంది కదా అని టోపీ లేకుండా తిరిగి మా పెద్దమ్మాయి ముక్కు మీద పొర ఊడేలా కాల్చుకుంది.

కున్‌మింగ్‌లో పిల్లలకు బాగా పట్టేది శిలావనం. గంట లోపు రైలు ప్రయాణంలోనే ఉంది. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున ఏర్పడిన సున్నపురాయి పైకి లేచి, వాననీటికి కరిగి, చెట్లలా నిలువుగా మిగిలిపోయిన రాళ్లు అవి. దక్షిణ చైనా కార్స్ట్ (ఇలా నీటికి కరిగిన సున్నపురాయి నేల) ప్రాంతంలో భాగంగా 2007లో యునెస్కో జాబితాలో చేర్చారు. రాళ్ల మధ్య సందులు చిట్టడవిలా ఉండి, దాగుడుమూతలు ఆడటానికే కట్టారా అనిపిస్తుంది. గుంపులను తప్పించుకోవాలంటే పొద్దున్నే లోపలికి వెళ్లి, మొదటి పెద్ద కూడలి వదిలేసి దూరపు బాటలు పట్టండి. సాయంత్రం దౌనాన్ పూల బజారుకు తీసుకువెళ్లండి, గులాబీలు కట్టలు కట్టలుగా కూరగాయల్లా తూచి బేరమాడడం పిల్లలకు వింతగా ఉంటుంది. దియాన్ సరస్సు దగ్గర తెల్లని పక్షుల గుంపులకు తిండి పెడుతున్న ఫోటోలు మీరు చూసి ఉంటారు. అవి శీతాకాలపు ఫోటోలు, ఆ పక్షులు నవంబరులో వచ్చి మార్చిలో వెళ్లిపోతాయి కనుక జూలైలో వాటి ఆశ పిల్లలకు పెట్టకండి.

రెండు మూడు రోజుల తరువాత దాలీకి వెళ్లండి, హైస్పీడ్ రైలులో దాదాపు రెండు గంటలు. ఎత్తులో పెద్ద తేడా లేదు, దాలీ 2,000 మీటర్లకు కాస్త తక్కువే. ఒక పక్క త్సాంగ్‌షాన్ కొండల వరుస, మరొక పక్క ఆర్‌హాయ్ సరస్సు, మధ్యలో వరిచేలు, తెల్లగోడల బాయ్ జాతివారి పల్లెలు. సరస్సు పడమటి గట్టు వెంబడి కార్లు రానివ్వని బాట వేశారు, అక్కడ సైకిళ్లు అద్దెకిస్తారు, ముందు పిల్లలను కూర్చోబెట్టుకునేవి కూడా దొరుకుతాయి. మేము అనుకున్న చూడదగ్గ చోట్లన్నీ పక్కనపెట్టి మూడు పొద్దులు ఆ బాట మీదే గడిపాము. జౌచెంగ్ అనే పల్లెలో గుడ్డను దారంతో ముడులు కట్టి నీలిమందు తొట్టెలో ముంచే అద్దకం నేర్పుతారు. మన దగ్గరి బాంధనీ లాంటిదే. మా అమ్మాయి తానే అద్దుకున్న రుమాలును ఇప్పటికీ బడి సంచీకి కట్టుకుంటుంది. త్సాంగ్‌షాన్ మీదికి ఒకటి కంటే ఎక్కువ రోప్‌వేలు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే పైకి పోయేది 3,900 మీటర్ల దాకా తీసుకువెళుతుంది, అది మీ పాపకు వద్దు, కింది వాటిలో ఒకటి ఎక్కి అడవి బాటలో కాసేపు నడవండి. ఇదే కారణంతో లీజియాంగ్ దగ్గరి జేడ్ డ్రాగన్ మంచుకొండను కూడా నేను వదిలేయమంటాను, దాని రోప్‌వే 4,506 మీటర్ల దగ్గర దింపుతుంది.

చైనా చాంద్రమానపు ఆరో నెల 24, 25 తేదీలలో యీ, బాయ్ జాతులవారు కాగడాల పండుగ చేసుకుంటారు, అది సాధారణంగా జూలై చివరనో ఆగస్టులోనో పడుతుంది. దొరికితే చూడండి గాని, జనం కాగడాల మీద గుగ్గిలపు పొడి చల్లి మంటలు ఎగజిమ్మిస్తారు కనుక నూలు బట్టలు వేసి దూరం నుంచి చూపించండి.

భోజనం సంగతి అడగకపోయినా చెప్పాలి. యున్నాన్‌లో వానలతో పాటు అడవి పుట్టగొడుగులు వస్తాయి, ఊరంతా ఆ పిచ్చిలోనే ఉంటుంది. వాటిలో కోసినప్పుడు నీలంగా మారే రకం ఒకటి సరిగా ఉడకకపోతే లేని మనుషులు కళ్ల ముందు ఆడతారట. అందుకే పుట్టగొడుగుల హాట్‌పాట్ (బల్ల మీదే మరిగే రసంలో ఉడికించుకునే వంట) హోటళ్లలో బల్ల మీద గడియారం పెట్టి, సమయం పూర్తయ్యే దాకా చాప్‌స్టిక్స్ చేతికివ్వరు. పెద్దవాళ్లం తిన్నాము, పిల్లలకు పెట్టలేదు. పిల్లలకు రూబింగ్ బాగుంటుంది, అది మన పనీర్‌కు దగ్గరి చుట్టం, పెనం మీద ఎర్రగా వేయించి ఇస్తారు. దానితో పాటు టమాటా గుడ్ల కూర, బంగాళాదుంప వేపుడు ఎక్కడైనా దొరుకుతాయి. మీరు శాకాహారులైతే మాంసం వద్దని చెబితే చాలదు, ముక్కలు తీసేసి పంది కొవ్వుతోనే వండుతారు, కొవ్వు, మాంసపు రసం కూడా వద్దని ఫోన్‌లో అనువదించి చూపించాలి. దాలీలో వంటగది ఉన్న మిన్‌సు, అంటే ఇంటివారే అద్దెకిచ్చే బస, తీసుకుంటే ఈ బాధ సగం తీరుతుంది. మేము చిన్న రైస్ కుక్కరు, ఆవకాయ సీసా వెంట తీసుకువెళ్లాము.

గుయ్‌యాంగ్ 1,100 మీటర్ల ఎత్తున ఉంటుంది. జూలై సగటు 24 డిగ్రీలు, అంటే కున్‌మింగ్ అంత చల్లన కాదు, నాన్‌జింగ్ నుంచి వెళ్లినవారికి మాత్రం స్వర్గమే. గుయ్‌జౌలో మూడు రోజులు వరసగా ఎండ కాయదని సామెత, అది అబద్ధం కాదు. ఊరి మధ్యనే ఉన్న చియెన్‌లింగ్ పార్కులో కోతులు స్వేచ్ఛగా తిరుగుతాయి, పిల్లల చేతిలో బిస్కెట్టు పొట్లం కనబడితే లాక్కుపోతాయి. అసలు ఆకర్షణ హువాంగ్‌గ్వోషు జలపాతం, 77.8 మీటర్ల ఎత్తు, 101 మీటర్ల వెడల్పు. నీటి తెర వెనుక 134 మీటర్ల పొడవున గుహ ఉంది, జలపాతం వెనక నుంచి నడిచి బయటికి రావచ్చు. ఆ గుహ పేరు, చైనా పిల్లలు హనుమంతుడిలా కొలిచే వానరవీరుడు సున్ వుకోంగ్ నివసించిన గుహ పేరు ఒక్కటే, ఆ సంగతి చెప్పగానే మావాడు మూడుసార్లు తిరగాలన్నాడు. వాన ఎక్కువైతే గుహ మూసేస్తారు కనుక ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి. కారం విషయంలో మనవారికి అక్కడ ఏ లోటూ ఉండదు, లావ్ గాన్ మా మిరపకాయ పచ్చడి పుట్టింది ఆ ఊరిలోనే.

మిగిలిన చోట్లను తొందరగా చెబుతాను. చింగ్‌దావ్‌లో సముద్రం ఉంది గాని జూన్, జూలై నెలలలో పచ్చని నాచు ఒడ్డుకు కొట్టుకువస్తుంది, జనం మరీ ఎక్కువ. ఈశాన్య మూలనున్న హార్బిన్ పగలు 28 డిగ్రీల దాకా వెళ్లినా రాత్రి హాయిగా ఉంటుంది. దేశమంతటికీ బీజింగ్ సమయమే కాబట్టి అక్కడ నాలుగు గంటలకే తెల్లవారుతుంది, మా పిల్లలు రోజూ ఆ వేళకే లేచి కూర్చున్నారు, దళసరి తెరలున్న గది అడగండి. ఎక్కువ సెలవు లేనప్పుడు లూషాన్ కొండ మంచిది. ఇంచుమించు మన హార్స్లీ కొండలంత ఎత్తున గూలింగ్ అనే చిన్న ఊరు, క్రైస్తవ మిషనరీలు పెంచిన వేసవి విడిది, ఇంగ్లీషు 'కూలింగ్' మాటతో ఆడుకుని పెట్టిన పేరు. ఘాట్ రోడ్డు మలుపులలో పిల్లలకు కడుపు తిప్పుతుంది. మోగాన్‌షాన్ కొండ ఒక వారాంతానికి చాలు, వెదురు తోపులు అందమే గాని వేడి నాలుగైదు డిగ్రీలకు మించి తగ్గదు.

టికెట్ల విషయంలో 2023 నుంచి రైల్వే నియమం పిల్లల ఎత్తును బట్టి కాక వయసును బట్టి మారింది. ఆరేళ్ల లోపువారికి ఒక పెద్దవారికి ఒక పిల్ల చొప్పున ఉచితం, సీటు ఉండదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపువారికి సగం ధర. మీ పాపకు ఉచితమైనా రెండు గంటలు మించిన ప్రయాణానికి సీటు కొనండి, జూలైలో నిలబడటానికి కూడా చోటుండదు. రైలు టికెట్లు పదిహేను రోజుల ముందు తెరుస్తారు. చూడదగ్గ చోట్లలో చాలావాటికి పాస్‌పోర్టు నంబరుతో ముందే పేరు నమోదు చేసుకోవాలి, అక్కడ పిల్లల రాయితీ కొన్నిచోట్ల ఇప్పటికీ 1.2 మీటర్ల ఎత్తును బట్టే ఇస్తారు.

మీ చెల్లెలివారిని మాత్రం జూలైలో రమ్మనకండి. మన తెలుగు రాష్ట్రాలలో బడి సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా, ఆ సమయంలో చైనాలో బడులు నడుస్తుంటాయి. మే మొదటి ఐదు రోజుల కార్మిక దినోత్సవ సెలవులు దాటాక యున్నాన్‌లో జనం తక్కువ, గదులు చవక, వానలు ఇంకా మొదలుకావు. 2025 అక్టోబరు నుంచి కోల్‌కతా–గ్వాంగ్‌జౌ మధ్య నేరుగా విమానాలు మళ్లీ నడుస్తున్నాయి, గ్వాంగ్‌జౌ నుంచి కున్‌మింగ్‌కు మరొక విమానం. వీసాకు ముందే దరఖాస్తు పెట్టుకోమనండి. మీకు కూడా మే నెలలో ఒక వారం సెలవు దొరికితే పిల్లల బడిలో అడిగి చూడండి, రెండు కుటుంబాలు కలిసి దాలీలో ఒకే మిన్‌సు తీసుకోవచ్చు. మావాళ్లు అలా వచ్చినప్పుడు ఐదుగురు పిల్లలు సరస్సు గట్టున సైకిళ్ల మీద తిరిగారు, పెద్దవాళ్లం అరుగు మీద కూర్చుని టీ తాగాము.